కరెంటు కంపెనీ కంప్యూటరులో మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు ఉందా?

దాళ్వా చేలు పొట్ట దశలో ఉండగా ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే ఏమవుతుందో కోనసీమ రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కాలువ చివరి భూములకు వంతుల నీరు సరిగా ఎక్కక బోరు మోటారు మీద బతికే చేను నాలుగు రోజుల్లో నెర్రె తీస్తుంది. లంకల్లో అరటి, కూరగాయల తోటలు వాడు మొహం వేస్తాయి. రొయ్యల చెరువైతే రోజులు కూడా అక్కర్లేదు. రాత్రిపూట ఏరియేటర్లు ఆగి, జనరేటరులో డీజిలు లేకపోతే తెల్లారేసరికి సరుకంతా చచ్చి చెరువు అడుగున పడుతుంది. అప్పుడు రైతు చేసే పని అందరికీ తెలిసిందే. లైన్‌మన్‌కు ఫోను. లైన్‌మన్ ఏఈ గారికి ఫోను. ఏఈ గారు స్టోర్సుకు ఫోను. "బండి దొరకలేదండీ, సరుకు రాలేదండీ, రేపు చూద్దామండీ" అని సమాధానం. రేపు పోయి ఎల్లుండి వచ్చాక పదిమంది రైతులు చందాలు వేసుకుని, ట్రాక్టరు కట్టి, కాలిన ట్రాన్స్‌ఫార్మరును తామే మోసుకుపోవడం తెలుగునాట ఎన్ని ఊళ్ళలో జరగలేదు!

ఇదంతా ఇలా ఉండగా నగరాల్లో కరెంటు కంపెనీల ఆఫీసుల్లో మరో ప్రపంచం నడుస్తున్నది. అక్కడ ప్రతి యంత్రానికీ ఒక నెంబరు, ప్రతి నెంబరుకూ ఒక జాతకం. ఏ ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడు కొన్నారు, ఎక్కడ బిగించారు, నూనె ఎప్పుడు మార్చారు, ఎన్నిసార్లు కాలింది, ఈ నెలలో ఎవరు వెళ్ళి చూడాలి, ఏ విడిభాగం స్టోరులో ఎన్ని ఉన్నాయి – ఇవన్నీ చెప్పే కంప్యూటరు ప్రోగ్రాములను కోట్లు పోసి కొంటున్నారు. దానికి 'మెయింటెనెన్స్ మేనేజిమెంట్' అని పేరు. పేరు పెద్దదే గాని విషయం చిన్నది. కొబ్బరి రైతు ఇంట్లో గోడ మీద కాలెండరు ఉంటుంది. ఫలానా తోట దింపు తీయించిన రోజు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, నెలన్నర లెక్కబెట్టి మళ్ళీ దింపు కార్మికుడిని పిలుస్తాడు. ఎరువు వేసిన తేదీ, మట్ట తెగులు కనబడిన చెట్టు గుర్తు కూడా అందులోనే ఉంటాయి. కరెంటు కంపెనీ కొంటున్నది లక్షల చెట్లకు సరిపోయే అలాంటి కాలెండరే.

మంచిదే. కంప్యూటరు అంటే మనకు పగ లేదు. ఏ యంత్రమైనా శ్రమజీవి చేతికి వస్తే మేలే చేస్తుంది. అడగవలసిన ప్రశ్న వేరు. ఆ కాలెండరులో ఎవరి చెట్లున్నాయి? ఎవరివి లేవు?

కాస్త వెనక్కి వెళ్ళి చూడాలి. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డును 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టంతో ముక్కలు చేశారు. 1999 ఫిబ్రవరి 1న జెన్‌కో, ట్రాన్స్‌కో వేరయ్యాయి. 2000 సంవత్సరంలో నాలుగు పంపిణీ కంపెనీలు పుట్టాయి. కోనసీమ విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే తూర్పు కంపెనీ వాటాకు వచ్చింది. దీని వెనక ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 21 కోట్ల డాలర్ల అప్పు ఉన్నదన్న సంగతి ఆనాడు ఊరూరా చర్చకు వచ్చింది. చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ హైదరాబాదు వెళ్ళిన జనం మీద 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు అర్పించారు. 2004 మే 14న ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పడిందంటే దాని వెనక ఆ రక్తం ఉంది.

బోర్డును కంపెనీలుగా చీల్చినప్పుడు సమర్థత పెరుగుతుందని చెప్పారు. సమర్థతను కొలిచే కొలబద్ద మాత్రం ఒక్కటే పెట్టారు – ఎంత కరెంటు కొన్నారు, ఎంతకు డబ్బు వసూలయింది, మధ్యలో ఎంత పోయింది. ఈ కొలబద్ద ఎంత బలమైనదో 2008లో తెలిసింది. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం ఆర్-ఏపీడీఆర్‌పీ అనే పథకాన్ని ప్రారంభించింది. (ఇందులో 'ఏపీ' అంటే మన రాష్ట్రం కాదు, పొడి అక్షరాలను చూసి మోసపోకూడదు.) మొత్తం 51,577 కోట్ల రూపాయల పథకం. అందులో మొదటి భాగం కింద కంప్యూటర్లకు, మీటర్లకు, మ్యాపులకు 10,000 కోట్లు. కంపెనీలు కొనవలసిన ప్రోగ్రాముల జాబితాను ఢిల్లీలోనే తయారుచేసి ఇచ్చారు. బిల్లింగు, వసూళ్ళు, ఇంధన ఆడిట్, వినియోగదారుల ఫిర్యాదుల కేంద్రం, ఆస్తుల నిర్వహణ, అన్నిటితోపాటు మరమ్మతుల నిర్వహణ. దేశంలో నగర కరెంటు కంపెనీలు ఈ సాఫ్ట్‌వేరు మూకుమ్మడిగా కొన్నది అప్పుడే.

అయితే ఈ పథకానికి ఒక గీత గీశారు. 30,000 జనాభా మించిన పట్టణాలకే వర్తిస్తుందన్నారు. నాలుగు లక్షలు దాటిన పెద్ద నగరాలకైతే సబ్‌స్టేషన్లను ఒక గదిలో కూచుని నడిపే స్కాడా కూడా. అమలాపురం మునిసిపాలిటీ జనాభా 2011 లెక్కల్లో 53 వేల పైచిలుకు. గీతకు ఇవతల పడింది. రాజోలు పంచాయతీ, కొత్తపేట పంచాయతీ. గీతకు అవతల పడ్డాయి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దేశమంతటికీ తెలుసు గాని ఢిల్లీ జాబితాకు తెలియదు. అయినవిల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం, మలికిపురం, సఖినేటిపల్లి, కాట్రేనికోన సంగతి చెప్పనే అక్కర్లేదు. పట్టణం పొలిమేరలో ఉన్న స్తంభానికి జాతకం రాశారు. దాని పక్క స్తంభం, అదే తీగ మోస్తున్నది, పంచాయతీ హద్దులో ఉంది కనుక అనాథ అయింది. తరవాత 2014లో చిన్న పట్టణాలకూ, పల్లెలకూ వేరువేరు పథకాలు వచ్చాయి, నిజమే. కాని వరస గమనించండి. ముందు పట్టణం, తరవాత పల్లె.

ఈ వరస కంప్యూటరుతో మొదలు కాలేదు. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లో చేసిన 7వ నెంబరు నిబంధనల్లోనే అది అచ్చయి ఉంది. ఫీజు పోతే పట్టణంలో 4 గంటల్లో వేయాలి, పల్లెలో 12 గంటల్లో. ట్రాన్స్‌ఫార్మరు పోతే పట్టణంలో 24 గంటల్లో మార్చాలి, పల్లెలో 48 గంటల్లో. పట్టణంలో ఫ్యాను ఆగితే మనిషికి ఉక్క పోస్తుంది, ఒప్పుకుంటాం. పల్లెలో మోటారు ఆగితే పంట పోతుంది. ఏది ముందు బాగుచేయాలో చెప్పడానికి ఇంజనీరింగు పట్టా అవసరమా?

ఇంకొక మర్మం ఉంది. ఆ 10,000 కోట్లు ముందు అప్పుగా ఇచ్చారు. పని అనుకున్న గడువులో పూర్తయి, నష్టాల లెక్క నమ్మదగినదని తేలితే అప్పు గ్రాంటుగా మారుతుంది. అంటే పై నుంచి వచ్చిన అధికారి అడిగే ప్రశ్న "నష్టం ఎంత శాతం?" అని. "ఈ ఏడు ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు నూనె పోశారు?" అని కాదు. ఏ ప్రశ్నకు డబ్బు కట్టారో ఆ ప్రశ్నకే జవాబు తయారవుతుంది. బిల్లు కాగితం ప్రతి ఇంటికీ నెల తప్పకుండా ఎలా వస్తున్నదో, మరమ్మతు మనిషి అలా ఎందుకు రావడం లేదో ఇక్కడే అర్థమవుతుంది.

ఇక మరమ్మతు అంటే ఏమిటో చూద్దాం. ఊరి చివర స్తంభాల మీద కూచున్న 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరును చూడండి. దానికి పక్కన చిన్న గాజు బుడ్డి ఉంటుంది. అందులో నీలం రంగు గుళికలు ఉండాలి. లోపలికి పోయే గాలిలో తేమను అవి పీల్చుకుంటాయి. తేమ ఎక్కువైతే గులాబీ రంగుకు తిరుగుతాయి. అప్పుడు మార్చాలి. మార్చకపోతే తేమ నూనెలోకి దిగుతుంది, నూనె బలం పోతుంది, లోపలి చుట్ట కాలుతుంది. నూనె మట్టం తగ్గిందేమో చూడాలి. కింద ఎర్తు గుంటలో ఉప్పూ బొగ్గూ వేసి వేసవిలో నీళ్ళు పోయాలి. ఎర్తు సరిగా లేకపోతే ఓల్టేజి ఒక ఫేజులో పెరిగి మరో ఫేజులో పడిపోతుంది, ఇళ్ళలో బల్బులూ పొలంలో మోటార్లూ మాడతాయి. ఫీజు స్థానంలో ఎవరో లావుపాటి తీగ చుట్టి పోయి ఉంటే, తీగ కాలాల్సిన చోట ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. ఏబీ స్విచ్చి తుప్పు పట్టి సగమే తెరుచుకుంటే, కరెంటు పోయిందనుకుని స్తంభం ఎక్కిన మనిషి కిందికి శవమై వస్తాడు. ఇందులో ఏ ఒక్కటీ లక్షల ఖర్చు కాదు. ఒక మనిషి, ఒక నిచ్చెన, గుప్పెడు గుళికలు, డబ్బా నూనె, ఒక పూట సమయం. అంతే.

కోనసీమకు పైన రెండు ప్రత్యేకమైన బాధలున్నాయి. ఒకటి కొబ్బరి. మరొకటి ఉప్పు. చెట్టు మీది నుంచి మట్ట జారి 11 కేవీ తీగ మీద పడితే ఫీడరు మొత్తం పోతుంది. ఈదురుగాలి వీచిన రాత్రి ఎన్ని మట్టలు పడతాయో ఎవరు లెక్కబెట్టగలరు! తీగకు దగ్గరగా పెరిగిన చెట్లను ఏటేటా గుర్తించి, రైతుతో మాట్లాడి, మట్టలు కోయించాలి. లేదా ఆ మేరకు తొడుగు ఉన్న తీగ వేయాలి. తీగ పక్కనే ఉన్న చెట్టు ఎక్కే దింపు కార్మికుడి ప్రాణం ఆ పని మీద ఆధారపడి ఉంది. ఇక సముద్రం ఒడ్డున అంతర్వేది నుంచి ఓడలరేవు మీదుగా భైరవపాలెం వరకు ఉప్పుగాలి తగిలే ఇనుము ఎంత కాలం నిలుస్తుందో అక్కడ ఇంటి కిటికీ చువ్వను అడిగినా చెబుతుంది. శంకరగుప్తం డ్రెయిను వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు తలలు వాల్చేసిన వైనం 2025లో అందరూ చూశారు. చెట్టునే చంపే ఉప్పు, స్తంభం మీది బోల్టును వదులుతుందా? రాజమండ్రి మెట్టలో పదేళ్ళు నిలిచే కొక్కెం మలికిపురంలో అంతకాలం నిలవదు. విశాఖలో కూచుని అన్నిటికీ ఒకే తేదీ వేసే ప్రోగ్రాముకు ఈ తేడా ఎవరు చెప్పాలి? లైన్‌మన్ చెప్పాలి. లైన్‌మన్‌ను అడిగిన వాడెవడు?

మరమ్మతు విలువ డెల్టా రైతుకు కొత్తగా నేర్పాల్సినది కాదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచీ ఇక్కడి జీవితమే దాని మీద నడిచింది. ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీరు ఆగిన ఆ కొద్ది వారాల్లో పూడిక తీయాలి, తూములు బాగుచేయాలి, లాకుల తలుపులు సరిచేయాలి, మురుగు కాలువల్లో గుర్రపుడెక్క లాగేయాలి. ఆ పని చేసిన ఏడు సార్వా సుఖంగా సాగుతుంది. బిల్లులు మాత్రం చేసి పని చేయని ఏడు చేలు మునుగుతాయి. కౌశిక డ్రెయిను, వాసాలతిప్ప డ్రెయిను చుట్టుపక్కల రైతులకు ఇది గుక్కతిప్పకుండా చెప్పగల పాఠం. 2011లో కోనసీమ రైతాంగం సార్వా పంట వేయకుండా పదుల వేల ఎకరాలు బీడు పెట్టి దేశం మొత్తం తమవైపు చూసేట్టు చేసింది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, ఎరువుల ధరలతోపాటు మురుగు దిగని చేల గోడు కూడా ఆ విరామంలో ఉంది. ప్రభుత్వం మోహన్ కందా సంఘాన్ని వేసింది. మరమ్మతు ఎగ్గొడితే ఖర్చు మిగలదు, వాయిదా పడుతుంది, వడ్డీతో సహా రైతు నెత్తిన పడుతుంది. కరెంటు తీగకూ కాలువ గట్టుకూ ఈ విషయంలో తేడా లేదు.

కంప్యూటరు ఉంటే ఈ బాధ ఉండదనుకునేవారు అమెరికా వైపు ఒకసారి చూడాలి. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల కరెంటూ గ్యాసూ అమ్మే పెద్ద ప్రైవేటు కంపెనీ ఉంది. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ అంటారు. సాఫ్ట్‌వేరు పుట్టిన గడ్డ మీద ఉన్న కంపెనీ. దానికి కంప్యూటర్లు కరువా? 2010 సెప్టెంబరు 9 సాయంత్రం శాన్‌బ్రూనో అనే ఊళ్ళో దాని గ్యాసు పైపు పేలింది. 8 మంది చనిపోయారు, 38 ఇళ్ళు బూడిదయ్యాయి. 1956లో పాతిన పైపు అది. విచారణలో తేలిందేమిటంటే, కంపెనీ కంప్యూటరులో ఆ పైపును అతుకు లేనిదని రాసి ఉంది. తవ్వి చూస్తే అతుకుల పైపు. ఆ అతుకు కూడా సగమే వేసింది. పాత కాగితంలో ఎవరో తప్పు రాశారు. ఆ తప్పునే కంప్యూటరులోకి ఎక్కించారు. యాభై ఏళ్ళు ఎవరూ తవ్వి చూడలేదు. 2015లో కంపెనీకి 160 కోట్ల డాలర్ల జరిమానా పడింది. బుద్ధి వచ్చిందా? 2018 నవంబరు 8న అదే కంపెనీ దాదాపు వందేళ్ళ నాటి లైను మీద ఒక ఇనుప కొక్కెం అరిగి తెగి, తీగ పడి, అడవి అంటుకుంది. పారడైజ్ అనే పట్టణం కాలిపోయింది. 85 మంది చనిపోయారు. 2020లో కంపెనీ కోర్టులో 84 మరణాలకు నేరం ఒప్పుకుంది. కొక్కెం ఖరీదు ఎంతో మనకు తెలియదు గాని, దాన్ని పైకెక్కి చూడ్డానికి పంపవలసిన మనిషి కూలి కంటే ఎక్కువ ఉండదు.

న్యూజిలాండులో ఆక్లండ్ నగరం కథ మరొకటి. 1998 జనవరి, ఫిబ్రవరి నెలల్లో నగర నడిబొడ్డుకు కరెంటు తెచ్చే నాలుగు ప్రధాన కేబుళ్ళు ఒకదాని తరవాత ఒకటి చెడిపోయాయి. ఐదు వారాలు చీకటి. అదీ సంస్కరణల పేరుతో కంపెనీగా మార్చిన సంస్థే.

అంత దూరం ఎందుకు, మన నగరం ఉంది. మామిడికుదురు మండలం నగరం గ్రామం. 2014 జూన్ 27 తెల్లవారుజామున తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాసు మోసుకుపోయే గెయిల్ పైపు పేలి, నిద్రలో ఉన్నవాళ్ళు, పొయ్యి అంటించబోయినవాళ్ళు, కొబ్బరి చెట్లు, పిట్టలు అన్నీ మాడిపోయాయి. 20 మందికి పైగా మరణించారు. పొడి గ్యాసు కోసం వేసిన పైపులో తడి గ్యాసు పంపారని, తేమ తీసే యంత్రం పెట్టలేదని, లోపల తుప్పు పట్టి పైపు తినేసిందని విచారణలో వెల్లడయింది. ఆ గ్యాసుతో ఎక్కడో నగరాల్లో దీపాలు వెలిగాయి. మన పొలాల కింద నుంచి పోయే పైపు లోపల ఏమవుతున్నదో మన పంచాయతీకి ఎవరూ చెప్పలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండిన చోటికి అది కూతవేటు దూరం. ఈ నేలకు రెండుసార్లు కాలిన అనుభవం ఉంది. "అన్నీ మా కంప్యూటరులో ఉన్నాయి" అని ఎవరైనా అంటే కోనసీమ జనం నమ్మకపోవడంలో తప్పేమీ లేదు.

కౌలు రైతు గోడు మరీ విచిత్రం. కోనసీమలో అరక పట్టేవాడు ఒకడు, పాసుపుస్తకం ఉన్నవాడు మరొకడు. భూమి యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. మోటారు సర్వీసు నెంబరు ఆయన పేరున ఉంటుంది. కరెంటు పోయి 1912కు ఫోను చేస్తే మొదట అడిగేది సర్వీసు నెంబరు. కౌలు రైతుకు అది తెలిస్తే తెలుస్తుంది, లేకపోతే లేదు. నెంబరు చెప్పినా, "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని వచ్చే మెసేజి ఎవరి ఫోనుకు పోతుంది? యజమాని ఫోనుకు! ఆయన డల్లాస్‌లో దాన్ని చూసి సంతోషిస్తాడు. ఇక్కడ చేను ఎండుతూనే ఉంటుంది. కంపెనీ కంప్యూటరుకు 'వినియోగదారుడు' అంటే బిల్లు ఎవరి పేరున ఉందో వాడే. పంట పండించేవాడికి అందులో గడి లేదు. ఫిర్యాదును ట్రాన్స్‌ఫార్మరు నెంబరు మీద, ఎవరు ఫోను చేస్తే వారి పేరున తీసుకోవడానికి అడ్డేమిటో అధికారులు చెప్పాలి. ఆ నెంబరు స్తంభం మీద చదివేట్టు రాస్తే చాలు. అరడబ్బా రంగు.

స్తంభం ఎక్కే మనిషి సంగతి మరిచిపోకూడదు. ఏ సాఫ్ట్‌వేరూ నిచ్చెన ఎక్కదు. ఈ ఇరవై ఏళ్ళలో కంపెనీలు పర్మనెంటు ఉద్యోగాలు తగ్గించి సబ్‌స్టేషన్ల షిఫ్టు ఆపరేటర్లను కాంట్రాక్టరు చేతిలో పెట్టాయి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు జూనియర్ లైన్‌మన్ గ్రేడు-2 పేరుతో ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నారు. కుర్రాళ్ళు కష్టపడుతున్నారు, వాళ్ళను అనేదేమీ లేదు. కాని ఒకే మనిషిని ఉదయం బిల్లుల బకాయిలకు తిప్పి, మధ్యాహ్నం స్తంభం ఎక్కించి, సాయంత్రం ఫోనులో ఫోటోలు ఎక్కించమంటే ఏదో ఒక చోట చెయ్యి జారుతుంది. లైను మీద పనిచేసే ముందు సబ్‌స్టేషనులో ఎల్‌సీ తీసుకోవాలి, అంటే ఫలానా తీగలో కరెంటు ఆపామని రాతపూర్వకంగా మాట తీసుకోవాలి. ఆ పుస్తకంలో ప్రతి సంతకం వెనక ఒక ప్రాణం ఉంది. దాన్ని ఫోనులో నోటిమాటగా కానిచ్చిన చోటే లైన్‌మన్లు చనిపోతున్నారు. ఇందులో మన బాధ్యత కూడా కాస్త ఉంది, చెప్పుకోవాలి. రొయ్యల చెరువుల మీద జనరేటరు వేసేవారు మార్పిడి స్విచ్చి పెట్టకపోతే, ఆ కరెంటు వెనక్కి ఎక్కి, ఆపామనుకున్న తీగలోకి పాకుతుంది. చెరువు యజమాని రొయ్యను బతికించుకుంటాడు, స్తంభం మీద ఒక తల్లి బిడ్డ మాడిపోతాడు.

ఇక మీటర్ల వ్యవహారం. 2020 సెప్టెంబరు 1న జీవో 22తో వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగిస్తామన్నారు, శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టారు. 2021 జూన్ 30న కేంద్రం 3,03,758 కోట్ల రూపాయలతో మరో పథకం ఆమోదించి, దేశమంతా 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లన్నది. రైతు సంఘాలు ఎదురు తిరిగాయి. ఆ పథకం తరవాత ఏ మలుపు తిరిగినా అది చెప్పే విషయం ఒకటుంది. రైతు ఎన్ని యూనిట్లు వాడాడో గంట గంటకూ విశాఖకు తెలియజేయగల పరికరం కొనడానికి కంపెనీ దగ్గర డబ్బూ ఉంది, తెలివీ ఉంది. అదే తీగ మీద అదే తెలివితో, ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుతున్నదనీ ఓల్టేజి పడిపోతున్నదనీ రైతుకు ముందుగా చెప్పే పరికరం కూడా పెట్టవచ్చు. మొదటిది ఎందుకు ముందొచ్చింది, రెండోది ఎందుకు రాలేదు?

తుఫాను వస్తే కంపెనీ ఎంత పని చేయగలదో మనం చూశాం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుఫానులో వెయ్యికి పైగా ప్రాణాలు పోయి లక్షల కొబ్బరి చెట్లు కూలినప్పుడు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను నలిపినప్పుడు, 2025 అక్టోబరు 28న మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కార్మికులు రాత్రింబవళ్ళు స్తంభాలు లేపారు. హుద్‌హుద్ తరవాత విశాఖ నగరంలో తీగలను భూమిలోకి దించారు కూడా. పల్లెలో అంత ఖర్చు పెట్టలేమంటారు. సరే. తీగలను భూమిలో పాతమని కోనసీమ రైతు ఇవాళ అడగడం లేదు. అతను అడిగేది నీలం గుళికలు.

కనుక కంపెనీ కొన్న కంప్యూటరును మూలన పెట్టమని మేము అనం. దాని తలుపు తెరవమంటున్నాం. ప్రతి ఊరి ట్రాన్స్‌ఫార్మరు జాతకాన్ని తెలుగులో ఒక కాగితం మీద తీసి గ్రామ సచివాలయం గోడకు అంటించవచ్చు. ఏ తేదీన ఎవరు చూశారు, ఏం చేశారు, మళ్ళీ ఎప్పుడు వస్తారు అన్న మూడు మాటలు చాలు. చూడకుండానే చూసినట్టు రాస్తే ఆ స్తంభం కింద రోజూ గేదెను కట్టే రైతు అబద్ధమని చెబుతాడు. శాన్‌బ్రూనోలో యాభై ఏళ్ళు దాగిన తప్పు మన ఊళ్ళో యాభై రోజులు కూడా దాగదు. 12 గంటలు, 48 గంటలు అనే పల్లె గడువులను పట్టణం గడువులతో సమానం చేయమని నియంత్రణ మండలి చార్జీల మీద ఏటా జరిపే బహిరంగ విచారణలో రైతు సంఘాలు అర్జీ పెట్టాలి. కాలినదానికి బదులు పెట్టడానికి ప్రతి సెక్షను ఆఫీసులో రోలింగ్ స్టాకు ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని ఉన్నాయో బోర్డు మీద రాయించాలి. రైతులు చందా వేసుకుని ట్రాక్టరు కట్టిన ప్రతిసారీ ఆ ఖర్చును కాగితం మీద పెట్టి, ఏఈ గారి చేత రసీదు మీద సంతకం తీసుకోవాలి. ఇవ్వనంటే ఇవ్వననే మాటను రాసి తీసుకోవాలి.

వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. చేలు ఖాళీగా ఉంటాయి, మోటార్ల పని తక్కువ, గట్ల మీద బండి తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ల కింద ఎర్తు గుంటలు తడపడానికి, మట్టలు కోయించడానికి అంతకంటే మంచి కాలం లేదు. నారుమళ్ళు పోసేలోగా ఒక రోజు పది మంది కలిసి మీ సబ్‌స్టేషనుకు వెళ్ళండి. మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు నెంబరు ఎంతండీ, దాన్ని చివరిసారి ఎప్పుడు చూశారండీ అని అడగండి. కంప్యూటరులో చూసి చెప్పమనండి. కౌలు రైతును ముందు నిలబెట్టి అడిగించండి.